కిసాబురో చెక్కిన ఓతాకి

కాందా పేటలో కిసాబురో అంటే ఎవరికీ తెలీదు. "వెంట్రుకల కిసా" అంటేనే తెలుస్తుంది. ఆడవాళ్ల అచ్చుబొమ్మల కోసం చెక్క పలక మీద నుదుటి దగ్గర వెంట్రుకలు చెక్కడం అడ్డమైనవాడి వల్లా అయ్యే పని కాదు. ఏళ్లకేళ్లు కిమోనో అంచులూ చెట్లూ చెక్కించి, ఆ తర్వాత గానీ మొహం ముట్టుకోనివ్వరు. వీడు మీసాలు రాకముందే ముట్టుకున్నాడు. వాడు చెక్కిన పలకకి రంగు పూసి అచ్చు తీసేది నేను. పొగరనుకున్నా సరే, ఇద్దరి చెయ్యీ పడితేనే బొమ్మ.

వాడి పెళ్లాం ఓతాకి కలరాలో పోయింది. వాడు ఏడవలేదు. దహనమైన మర్నాడే పనిలో కూర్చున్నాడు. అన్నం పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. నాకు ఒళ్లు మండి తిట్టిపోశాను. ఉలి నూరుకుంటూ కూర్చున్నాడు.

ఆవిడది ఒకటే బొమ్మ మిగిలింది. ఆవిడ ముల్లంగి తరుగుతుంటే మా చిత్రకారుడు పల్చటి కాగితం మీద సిరాతో గీసింది. ఓ పొద్దున వెళ్లేసరికి కిసా దానికి జిగురు సిద్ధం చేస్తున్నాడు.

"మతి పోయిందిరా నీకు? పలక మీద అంటించి చెక్కితే ఆ కాగితం పొట్టులో కలుస్తుంది. మళ్లీ దొరుకుతుందా?"

"కాగితం ఎలాగూ చివికిపోతోంది. చెక్కయితే ఉంటుంది."

"చెయ్యి జారితే?"

"నా చెయ్యా?" అన్నాడు.

కాగితం బోర్లా అంటించాడు. పలక మీద కుడి ఎడమవుతుంది, అచ్చు తీస్తే మళ్లీ సరిగ్గా వస్తుంది. నిజం చెప్పాలి, ఉలి ఎక్కడా తొట్రుపడలేదు. పలక చేతికిచ్చాడు. సిరా పూసి, కాగితం పరిచి, రుద్ది, ఎత్తాను.

అందమైన మనిషి. ఓతాకి మాత్రం కాదు. ఆవిడకి నోటి పక్కన ఉండే పుట్టుమచ్చ లేదు.

నాకు వెంటనే అర్థమైంది. గీసేవాళ్ల కుంచె నుంచి చుక్కలు రాలుతుంటాయి. మంచి పనివాడు అడక్కుండానే వాటిని చెక్కి పారేస్తాడు. వీడి చెయ్యి ఆ మచ్చనీ అలాంటి చుక్కే అనుకుని పారేసింది.

"పర్లేదులే, అక్కడ చిన్న చెక్కముక్క పొదిగి మచ్చ చెక్కుదాం" అన్నాను.

వాడు పలకని అటూ ఇటూ తిప్పాడు. బతుకంతా మొహాల్ని తిరగేసి చెక్కినవాడు.

"ఎటుపక్కన ఉండేదిరా అది?" అన్నాడు.

చెబుదామని నోరు తెరిచాను. నాకూ గుర్తు రాలేదు. ఏడుపొచ్చింది. వాడు మాత్రం ఉలి పట్టుకుని, నేను చెప్తానని నా మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు.