బాణం గుర్తు పోయిన వీధి

ప్రేమానందానికి కోపం ముక్కు మీదే ఉంటుందని నీళ్ల ఆఫీసులో అందరూ అంటారు. ఎందుకుండదు? ముప్పై ఏళ్లుగా తిరుపతి వీధుల్లో నీళ్ల వాల్వులు తిప్పుతున్న మనిషి. పాకాల నుంచి గుంతలు తవ్వే కూలీగా వచ్చి ఫిట్టరయ్యాడు. ఆదివారమైనా ముందు వాల్వులు తిప్పాలి, తర్వాతే ప్రార్థన. తడిసిన ప్యాంటుతోనే చర్చికి పోయి వెనక బెంచీలో కూర్చుంటాడు. ఆ ప్యాంటు గురించి భార్య కృపామణి పోట్లాడి పోట్లాడి ఊరుకుంది.

అతని కింద మూడు వందలకు పైగా వాల్వులున్నాయి. అన్నీ భూమిలోనే. ఏది ఎక్కడుందో తెలియడానికి దగ్గరి గోడ మీద పసుపు రంగుతో ఒక బాణం వేసి, పక్కన ఎన్ని అడుగుల దూరమో రాసుకునేవాడు. ఆఫీసులో సరైన మ్యాపు లేదు. ఎవరికి ఏం కావాలన్నా ఆ బాణాలే దిక్కు.

నిరుడు ఊరిని అందంగా చెయ్యాలని ఎవరికో బుద్ధి పుట్టింది. కొత్తబావి వీధి గోడల నిండా దేవుళ్ల బొమ్మలు వేయించారు. "నా బాణాలు వదిలిపెట్టి ఏసుకోండప్పా" అని ప్రేమానందం బతిమాలితే, బొమ్మల మధ్య బాణాలేమిటని నవ్వారు. ఆ వెంటనే సిమెంటు రోడ్డు వేసి వాల్వు మూతల్ని కూడా పూడ్చేశారు. మూతలు పైకుంటే రోడ్డు చూడ్డానికి బాగుండదట. ఇలాంటి వాళ్ల చేతుల్లో ఉంది ఊరు.

మొన్న జూలైలో ఆ వీధి కుళాయిల్లో మురుగు కంపు మొదలైంది. అక్కడి పైపు ప్రేమానందం పుట్టకముందు వేసిన ఇనప పైపు, మురుగు కాలువలో నుంచే పోతుంది. తుప్పు తినేసి చిల్లు పడింది. దాన్ని మార్చమని అతను రాసిచ్చిన కాగితాలన్నీ కట్ట కడితే తలకింద పెట్టుకుని పడుకోవచ్చు.

మంగళవారం పొద్దున పది గంటలకు అతను వెళ్లేసరికి మునిరత్నమ్మ తన ఇంటి గడప మీద కూర్చుని ఉంది. ఆమె మనవరాలు లోహితకు రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు. పిల్లకు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతోంది, తల్లి దగ్గరుంది. ఆ వీధిలోనే ఇంకో పది మంది మంచం పట్టారు, సగానికి సగం పిల్లలే.

"గుడ్డతో వడకట్టే తాపిస్తా ఉండాను గదప్పా. నేను యాడ తప్పు చేసినానో తెలీలేదు" అంది ఆమె.

"తప్పు నీది గాదక్కా" అన్నాడు ప్రేమానందం. ఆ ముసలామె తనను తానే నిందించుకుంటుంటే అతనికి ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం నాలుగింటికి ట్యాంకు నుంచి మళ్లీ నీళ్లు వదలాలి. ఆ లోపల వీధి వాల్వు మూసెయ్యకపోతే మురుగు మళ్లీ ప్రతి ఇంటి బిందెలోకీ వస్తుంది. వాల్వు దొరకాలంటే బొమ్మ గీకి బాణం చూడాలి, రోడ్డు పగలగొట్టాలి. ఇంజనీరు జయరావుకు ఫోను చేశాడు.

"బొమ్మ మీద చెయ్యేస్తే పెద్ద గొడవ అయిపోతాది. రోడ్డు మన సెక్షను కాదు. లెటరు పెట్టినాను, వారంలో పర్మిషన్ వస్తాది. ఓపిక పట్టు" అన్నాడు జయరావు.

"నేను పడతాను సార్. ఆ పిల్లకాయలు గూడా పట్టాల గదా."

ఫోను కట్టయింది.

నాలుగింటికి ప్రేమానందం ట్యాంకు దగ్గరికి వెళ్లాడు. పెద్ద వాల్వు తిప్పే ఇనప కడ్డీని ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. నీళ్లు వదల్లేదు. అదే లైనులో బస్టాండు పక్క లాడ్జీలున్నాయి. నాలుగున్నరకు అక్కడి తొట్లు అడుగంటాయి. సబ్బు నురగతో ఉన్న యాత్రికులు గదుల్లో నుంచి కేకలు పెడుతున్నారని ఎవరెవరో పెద్దవాళ్లకు ఫోన్లు పోయాయి.

ఐదింటికి జయరావు జీపు వచ్చింది, వెనకాలే రోడ్డు పగలగొట్టే మిషను వచ్చింది. వారం పట్టే పర్మిషన్ అరగంటలో ఎలా పుట్టిందో పుట్టించిన వాళ్లకే తెలియాలి. అందరూ కొత్తబావి వీధికి పోయాక జయరావే దగ్గరుండి గోడ మీది గరుత్మంతుడి కాలివేళ్ల దగ్గర రంగు గీకించాడు. పసుపు బాణం బయటపడింది. ఏ గొడవా కాలేదు. ఏడడుగులు కొలిచి తవ్వితే వాల్వు దొరికింది. బిగించబోతే వాల్వు తిప్పే ఇనప కాడ తుప్పు పట్టి ప్రేమానందం చేతిలోకి ఊడొచ్చింది. కొత్తది తెప్పించి బిగించి మూసేసరికి వీధి దీపాలు వెలిగాయి. ఆ వీధికి ట్యాంకరు పంపి, మిగతా లైనుకు నీళ్లు వదిలారు.

మర్నాడు ప్రేమానందానికి మెమో ఇచ్చారు. యాత్రికులకు అసౌకర్యం కలిగించినందుకు సంజాయిషీ చెప్పుకోవాలట. జబ్బుపడిన పదకొండు మంది గురించి అందులో ఒక్క ముక్క లేదు. అతను దాన్ని రెండుసార్లు చదివి జయరావు బల్ల మీద పెట్టాడు.

"నేను చెప్తా, మీరే రాసుకోండి సార్" అన్నాడు. "ఆ పిల్లకాయల్ని ఆసుపత్రికి గాకుండా లాడ్జిలో రూము తీసి దించుంటే, మీ మిషను పొద్దున పదింటికే వచ్చుండేది."