కర్రంత దూరం

గజ్జి అనే మాటను మా ఇంట్లో గొర్రెలకే వాడేవాళ్ళం. మార్కాపురం వృద్ధాశ్రమం నుంచి వార్డెనమ్మ ఫోన్ చేసి, "మీ నాయనకు గజ్జి పట్టుకుందమ్మా, ఎనక గదిలో ఉన్నాడు" అనగానే నాకు ఒళ్ళు మండిపోయింది. పట్టుకుందట! పరుపులు ఎండలో వేసి, మనుషుల్ని సరిగ్గా చూసుకుంటే పట్టుకుంటుందా? వాళ్ళను కడిగేద్దామనే గిద్దలూరులో బస్సెక్కాను.

తీరా వెళ్ళి చూస్తే నా కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. హాల్లో సగం మందికి అంటుకుంది. అందరికీ మందు రాస్తున్నారు, దుప్పట్లు ఉడకబెడుతున్నారు. వెనక గదికి పొమ్మని ఆయనకు ఎవరూ చెప్పలేదట. తనంతట తనే చాప తీసుకుని వెళ్ళిపోయాడట.

మా నాయన బతుకంతా గొర్రెలు కాసిన మనిషి. అమ్మ పోయాక, మోకాళ్ళు మొరాయించాక మంద అమ్మేశాడు. "అల్లుడింటి కూడు నాకొద్దు" అని ఈ ఆశ్రమం కూడా తనే చూసుకున్నాడు. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం.

గుమ్మం దాటబోతుంటే కర్ర అడ్డం పెట్టాడు. గొర్రెల వెంట తిరిగినప్పటి కర్రే. పట్టుకునే చోట నున్నగా అరిగిపోయింది.

"ఆడ్నే నిలబడు తల్లీ. గజ్జి గొర్రె కాడికి ఎవురన్నా వస్తారా?"

"నువ్వేమన్నా గొర్రెవా నాయనా? ఈపు ఇట్ల తిప్పు, మందు రాస్తా."

"రాసినార్లే, చేతులకు తొడుగులేసుకోని. నీకు బిడ్డ ఉంది. ముట్టుకోవాకు."

వేళ్ళ సందుల్లో, నడుం చుట్టూ గోకి గోకి పుండ్లయ్యాయి. చిన్నప్పుడు ఆ వీపు మీదెక్కే వాగులు దాటాను. ఒక్కసారి దాని మీద చెయ్యి వెయ్యాలని ప్రాణం కొట్టుకుపోయింది. చివరికి కర్ర రెండో కొస నా చేతికిచ్చి, గుమ్మం బయట కూర్చోమన్నాడు. చెరో కొస పట్టుకుని మాట్లాడుకున్నాం.

రెండో విడత మందు కూడా రాశాక డాక్టరు చూసి, పురుగు చచ్చిపోయిందని చెప్పారు. దురద మాత్రం ఇంకొన్ని వారాలు ఉంటుందట, కానీ ఎవరికీ అంటదట. వార్డెనమ్మ హాల్లో మంచం సిద్ధం చేసింది. ఆ కబురు విని మళ్ళీ బస్సెక్కి వచ్చిన నేను సంబరంగా లోపలికి పోబోయాను. మళ్ళీ అదే కర్ర!

"దురద పోలేదు గదా" అన్నాడు.

"అంటదని డాక్టరు చెప్పినాడు గదా నాయనా!"

"డాక్టరు గొర్రెల్ని కాసినాడా? గుంజకు ఒళ్ళు రుద్దుకునేది మానిందాకా గొర్రెను మందలో కలపకూడదు. ఒకసారి తొందరపడి కలిపినా. మందంతా పాయె."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. బతిమాలాను, ఏడ్చాను. "చచ్చేదాకా ఇట్లనే ఉంటావా ఏంది?" అని అరిచాను కూడా. ఆయన గోడకు వీపు రుద్దుకుంటూ నవ్వాడు.

"దురద పోయిన్నాడు నేనే ఫోన్ చేపిస్తా. అప్పుడు వచ్చి ఈపు తోముదువులే."

ఆ ఫోన్ కోసం కాచుకుని కూర్చున్నాను. వచ్చింది. తెల్లారి లేపబోతే లేవలేదని వార్డెనమ్మ చెప్పింది.

స్నానం చేయించేటప్పుడు ఆడకూతురివి, నువ్వొద్దని చుట్టాలు అడ్డుపడ్డారు. నేను వినలేదు. వీపు నేనే తోమాను. ఒక్క పొక్కు లేదు. నున్నగా ఉంది, చల్లగా ఉంది.

ఇప్పుడు నాకు దురద. పొద్దుగూకితే మొదలవుతుంది, ఆయనకున్న చోటే, నడుం చుట్టూ, వేళ్ళ సందుల్లో. గిద్దలూరులో చూపించుకున్నాను, మార్కాపురంలో చూపించుకున్నాను. ఏమీ లేదమ్మా అన్నారు. ఏమీ లేదని నాకూ తెలుసు. ఆయన కర్ర మా ఇంట్లో తలుపు మూలన ఉంది. దాన్ని పారేయమని మా ఆయన అంటే విరుచుకుపడ్డాను.

మొన్న బడి నుంచి వచ్చిన నా కూతురు సంచీ పడేసి నా మీదికి ఉరికింది. నా చెయ్యి దానంతటదే లేచింది. "ఆడ్నే నిలబడు తల్లీ" అన్నాను.

పిల్ల బిత్తరపోయి ఆగిపోయింది. "ఎందుకమ్మా?" అంది.

దురద పోలేదు గదా అని నోటిదాకా వచ్చింది.