గుండు చేయించుకొచ్చిన నాన్న

మా చంటిదానికి తొమ్మిదో నెల నడుస్తుండగా మా ఆయన సింహాచలంలో మొక్కు తీర్చుకుని నున్నటి గుండుతో ఇంటికొచ్చాడు. రోజూ స్టీల్ ప్లాంటు డ్యూటీ దిగి, పసుపు హెల్మెట్టుతో గుమ్మంలో కనబడగానే ఆయన మీదికి దూకే పిల్ల, ఆ రోజు కెవ్వుమని అరిచి నా మెడ పట్టుకు వేలాడింది.

"పిల్లకి దిష్టి తగిలేసిందే, ఉప్పూ మెరపకాయలూ అట్టుకురా," అంది మా అత్త.

"కన్నతండ్రిని ఎరగదా ఏటి ఇది?" అని మా ఆయన మూతి ముడుచుకుని కూచున్నాడు.

ఇద్దరి మీదా నాకు ఒళ్ళు మండింది. మొన్నటిదాకా ఎవరెత్తుకున్నా నవ్విన పిల్ల, కొన్నాళ్ళుగా కొత్త మొహం కనబడితే చాలు, నా కొంగు వెనక దాక్కుంటోంది. తనవాళ్ళెవరో పోల్చుకోవడం వచ్చిందని వీళ్ళకి తోచదా?

"డ్యూటీ హెల్మెట్టెట్టుకుని ఓపాలి పిలు బావా," అన్నాను.

పెట్టుకుని, "బంగారీ" అని పిలిచాడు. ఏడుపు టక్కున ఆగింది. పిల్ల ఆయన మొహంలోకి తేరిపార చూసి, రెండు చేతులూ చాచింది.

జుట్టు మొలిచేదాకా మా ఇంట్లో ఆ హెల్మెట్టు దిగలేదు. తనని చూసి ఏడ్చిందని మా ఆయన ఇప్పటికీ అంటుంటాడు. పిచ్చి మనిషి, అది ఏడ్చింది వాళ్ళ నాన్న కోసం.