ఇంటికి పెట్టుకోని మూట

మా ఇంటాయన పోయి ఏడాది దాటింది. అయినా వంటింట్లో శనగలు నానబోస్తుంటే వెనకాల నిలబడి పాఠం చెబుతున్నట్టే ఉంటుంది. బతికున్నప్పుడు ఆ పాఠానికి విసుక్కునేదాన్ని. ఇప్పుడు చేతిలో పని ఆపి వింటాను.

ఆళ్లగడ్డ దగ్గర మాది నల్లరేగడి చేను. పంట శనగ. ఫోన్లో మార్కెట్ వీడియోలు చూసి చూసి మహానుభావుడికి కమోడిటీ పిచ్చి పట్టింది. అన్నం ముందు కూర్చున్నా అదే గోల.

“అయితే మన బర్రె కమోడిటీనా?” అని ఉడికించేదాన్ని.

“కాదే. బర్రెకూ బర్రెకూ తేడా ఉంటాది. నంద్యాల రోడ్డులో ప్లాటుకూ ప్లాటుకూ తేడా. కంపెనీ షేరూ అంతే, ఒగ కంపెనీది ఇంగో కంపెనీది కాదు. బంగారం, పత్తి, శనగలు... ఈటికి ఎవురివనే పేరుండదు. ఒకే రకమైతే నీ మూట తీసుకోని నా మూట ఇచ్చినా ఎవురూ కాదనరు. అదీ కమోడిటీ అంటే.”

“నీకంటే బర్రె నయం. పిలిస్తే పలుకుతాది.”

మా వైపు ధర ఎట్లా ఉన్నా, కళ్లంలోంచి మొదటి మూట ఇంటికి రావాల్సిందే. తినడానికి, విత్తనానికి. ఆ ఏడు ఆయన దాన్నీ బండెక్కించాడు. ధర పెరుగుతుందని పంటంతా నంద్యాల కోల్డ్ స్టోరేజీకి తోలాడు.

“ఇంటికి మూట పెట్టకుండా పోతాండావేందిరా?” అని అత్త అరిచింది.

“శనగలు యాడికి పోతాయమ్మా? కావాల్సినప్పుడు తెచ్చుకుందాం.”

తొలకరి పడకముందే గుండె ఆగి ఆయనే పోయాడు.

సంవత్సరీకానికి గుగ్గిళ్లు కొడుకు పండించిన శనగలతోనే చేయాలని అత్త పట్టుబట్టింది. నాకూ అదే కావాలనిపించింది. ఆయన చేతిది ఇంకేం మిగిలింది నాకు? నంద్యాల బస్సెక్కాను.

“మీ మూటలు వేరేగా లేవక్కా,” అన్నాడు స్టోరేజీలో మనిషి. “ఒకే గ్రేడు గదా, ఒగ షావుకారి సరుకుతో కలిపేయమని అన్నే చెప్పినాడు. సగం లారీల్లో పోయినాయి. ఏ మూటైనా తీసుకోండి.”

“నాకు మావే కావాల.”

“శనగలు శనగలే గదక్కా.”

ఒళ్లు మండింది. తిట్టబోయి ఆగిపోయాను. అది మా ఆయన మాట. పైకప్పు దాకా పేర్చిన ఆ మూటల వెనక ఎక్కడో నిలబడి ఆయన నవ్వుతున్నట్టనిపించింది. ఎవరిదో మూట ఒకటి ఆటోలో వేయించుకుని వచ్చాను.

అత్తకు నిజం చెప్పలేదు. ఆయన ఫొటో ముందు ఆకులో గుగ్గిళ్లు పెట్టి మొక్కుకున్నాక, ఆమె నాలుగు గింజలు నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది.

“మా వాని శనగలే,” అంది. “ఈ కమ్మదనం ఇంగే చేన్లో వస్తాది?”

కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నా చేతిలో పిడికెడు పెట్టింది. ఇవి కావత్తా, ఎవరివో అని మనసులో అనుకుంటూనే నమిలాను. తేడా కోసం వెతికాను. ఎంత నమిలినా దొరకలేదు. ఆయన పండించిన శనగల రుచి అసలు నాకు గుర్తే లేదు. అత్త ముందే బోరుమని ఏడ్చాను.