ముప్పై రెండూ చూడమన్న సార్

గద్వాల నుంచి వనపర్తికి వెళ్లే బస్సు పెబ్బేరు సంత దగ్గర ఇరవై మూడు నిమిషాలు ఆగిపోయింది. కిటికీలోంచి పేడ వాసన, తడిసిన పగ్గాల వాసన కలిసి లోపలికి వచ్చాయి. వాటితోపాటు నర్సింహులు సార్ మీద నాకున్న పాత చిరాకూ వచ్చింది. ఆయన పోయి మూడేళ్లయినా అది తగ్గలేదు.

సార్‌ది పెబ్బేరే. వాళ్ల నాయన సంతలో ఎడ్ల బేరాలు కుదిర్చేవాడట. సార్ మాత్రం నగరంలో చాలాకాలం చిప్పులు డిజైన్ చేసి, తిరిగొచ్చి, వనపర్తిలో ఒక మేడ మీద రెండు గదుల కార్యాలయం తెరిచారు. నాకు ఫేజ్ షిఫ్టర్ పని నేర్పింది అక్కడే. వరుసగా పేర్చిన చిన్న చిన్న యాంటెన్నాలలో ఒక్కొక్కదాని తరంగాన్ని కొలిచినట్టు వెనక్కి జరిపితే, యాంటెన్నా కదలకుండానే కిరణం దిశ మారుతుంది. ఆ జరిపే పని చేసే సర్క్యూట్ మాది. అందులో తరంగాన్ని ఒక్కొక్కటీ ఇన్ని డిగ్రీలని జరిపే అయిదు మెట్లుంటాయి. వాటిని వేసి, తీసి ముప్పై రెండు స్థితులు తెప్పించవచ్చు.

నా మొదటి డిజైనును తయారీకి పంపవలసిన గడువు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు. అది తప్పితే నాలుగు నెలలు ఆగాలి; చిప్పు కోరినవాళ్లు అంతవరకు ఆగలేమని ముందే చెప్పారు. గురువారం సాయంత్రం నాలుగింటికి సార్ ముందు నివేదిక పెట్టాను. అయిదు మెట్లనూ కంప్యూటర్‌లో విడివిడిగా పరీక్షించి, మిగతా స్థితులను కూడికతో రాబట్టాను. నలభై అయిదు డిగ్రీలు, తొంభై డిగ్రీలు కలిస్తే నూట ముప్పై అయిదు, ఇందులో సందేహమేముంది?

"ముప్పై రెండూ చూసినవా?" అన్నారు.

"ఒక్కోదానికి నలభై నిమిషాలు సార్. మొత్తం ఇరవై ఒక్క గంటల ఇరవై నిమిషాలు. మనకున్నవి ఇరవై గంటలే."

"అయితే ముప్పై అయితయి గదా. ముప్పై చూడు."

"కూడితే వచ్చేదాన్ని మళ్లీ చూడడమెందుకు?"

"కూడితే లెక్కైతది గని చిప్పు కాదమ్మా. ఒక్కొక్క ఎద్దును చూసి జోడి కొంటరా? రెండింటినీ కాడికి గట్టి నాలుగడుగులు నడిపిస్తేనే ఏది ఏ దిక్కు గుంజుతదో తెలుస్తది."

"ఇది సంత కాదు సార్."

"గందుకే ఇంకా పరేషాన్. సంతల ఎద్దు నచ్చకుంటే తెచ్చినోనికే అప్పజెప్తం. చిప్పును ఎవనికి అప్పజెప్తవ్?"

సమీకరణం అడిగితే ఎద్దును చూపే మనిషితో ఎంతసేపని వాదించగలను? తప్పు దొరికినా దిద్దే వ్యవధి లేదన్నాను. "దొరికితే పంపం," అన్నారు, అదేదో చిన్న విషయమైనట్టు. చివరికి అలసిపోయి, "డిజైన్ నీది. నీ మాటే కానియ్యి," అని సంతకం చేశారు. ఆనాటి డైరీలో ఇలా రాసుకున్నాను: సార్ మొండితనం, రెండు గంటల పది నిమిషాలు వృథా.

చిప్పులు వచ్చాయి. విడివిడిగా ప్రతి మెట్టూ డిగ్రీ తేడా లేకుండా పనిచేసింది. నలభై అయిదునూ తొంభైనీ కలిపి వేస్తే నూట ఇరవై ఒకటి వచ్చింది. పక్కపక్కనున్న రెండు మెట్లూ ఒకదాన్నొకటి లాగేశాయి. కిరణం వెళ్లవలసిన వైపు వెళ్లలేదు.

పరిశీలనలో లోపం తనదేనని సార్ చిప్పు కోరినవాళ్లకు ఉత్తరం రాశారు. నేను గొడవపడ్డాను. "మీరు చెప్పారు, నేను వినలేదు. తప్పు నాది కదా సార్?"

"వద్దనుకుంటనే సంతకం వెట్టిన. నీ తప్పుకన్న గదే పెద్ద తప్పు," అన్నారు. "చాయ సల్లారుతుంది, తాగు."

వాళ్లు మళ్లీ మాకు పని ఇవ్వలేదు. ఆ ఏడాది చివర సార్ రెండు గదుల్లో ఒకటి ఖాళీ చేశారు.

ఇప్పుడు సంతకం చేసేది నేను. పోయిన నెల ముప్పై రెండూ చూడనిదే పంపనని ఒక గడువును వదులుకున్నాను. తీరా చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నాలుగు నెలల నిరీక్షణ, మా వాళ్ల మూతివిరుపులు మిగిలాయి. సార్ మీద అంత కోపం నాకు ఎన్నడూ రాలేదు. తర్వాతి వారం ఇంకో డిజైను బల్ల మీదికి వచ్చింది. ఎన్ని చూశారని అడిగాను. ఆరు అన్నారు మావాళ్లు. సంతకం చేయకుండా తిప్పి పంపాను.