మిల్లు గోలలో వినపడే చెవులు

పొద్దున ఏడున్నరకి పామర్రు రోడ్డు మీది రైసు మిల్లులో మోటారు వేస్తారు. బెల్టు దడదడలాడి, వడ్లు ఆడే హల్లరు మోత షెడ్డు రేకుల్ని పట్టి ఊపడం మొదలెట్టాక అమలమ్మకు వినపడటం మొదలవుతుంది.

నూకలు చెరిగే పదకొండుమంది ఆడవాళ్ళలో మేస్త్రీ జక్కయ్య కేక ముందుగా అందేది ఆవిడకే.

"ఏంటంట ఆయన గోల?" అని పక్కనున్న సుబ్బరత్నం మోచేత్తో పొడిచి అడుగుతుంది.

"తవుడు బస్తాలు పక్కకి లాగమంటన్నాడు."

కరెంటు పోయి మిల్లు ఆగితే మిగతావాళ్ళు హమ్మయ్య అనుకుని కబుర్లలో పడతారు. అప్పుడు అమలమ్మకు పెదాలు కదలడం కనపడుతుందే తప్ప మాట అందదు. చెవుల్లో తుమ్మెదల రొద మాత్రం మిగులుతుంది. అందరూ నవ్వినప్పుడు ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతుంది.

ఇది 1976 సంగతి. ఆవిడకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. పెద్దపిల్ల పుట్టినప్పుడు వినికిడి కొంచెం తగ్గింది. రెండోవాడు పుట్టాక బాగా తగ్గింది. భర్త శౌరయ్య కాలవ లాకుల దగ్గర తలుపులెత్తే లస్కరు. అత్త తెరేసమ్మ నడుం పడిపోయి మంచంలోనే ఉంటుంది. మంచంలోంచి ఆవిడ చేయగలిగిన పని పిలవడం ఒక్కటే. పిలిస్తే కోడలు పలకదు.

"మిల్లులో జక్కయ్య మాట వినపడుద్ది. ఇంట్లో అత్త మాట వినపడదు. దాని చెవులకి మనుషుల తేడా తెలుసురా అబ్బాయ్" అనేది తెరేసమ్మ కొడుకుతో. "నిజంగా చెవుడైతే పేటంతా వినేట్టు అరవదూ? ఇదేమో పిల్లిలా గొణుగుద్ది. వాళ్ళమ్మా అంతే. ముగ్గురు పిల్లలు పుట్టాక చెవులు మూసుకుని కూచుంది. అక్కడ నేర్చుకొచ్చిన నాటకమే ఇది."

ఆ మాటలు కోడలి ఎదురుగానే అనేది. వినపడవని నమ్మినట్టుండేది, అప్పుడు మాత్రం.

శనివారం సాయంత్రం గుళ్ళో ఫాదరుగారికి పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం ఇంకో బాధ. జాలీ అవతల నుంచి ఫాదరుగారు గుసగుసగా ప్రాయశ్చిత్తం చెబుతారు. మూడు జపాలన్నారో, పదన్నారో అమలమ్మకు తెలియదు. మళ్ళీ అడిగితే వెనక వరసలో ఉన్నవాళ్ళు ఏదో ఘోరమైన పాపం అనుకుంటారని భయం. ఎందుకైనా మంచిదని ప్రతివారం జపమాల మొత్తం చెప్పేది. అంతసేపు మోకాళ్ళ మీద ఉంటుందంటే దీని పాపాల చిట్టా పెద్దదేనని పేటలో చెప్పుకున్నారు.

అక్టోబరులో సుబ్బరత్నమే ఆవిణ్ణి బస్సెక్కించి బెజవాడ వన్ టౌన్‌లో చెవి డాక్టరు సంజీవరావు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన రెండు కొమ్ముల ఉక్కు చువ్వని మోకాలికి కొట్టి చెవి ముందు పెట్టాడు. వినపడలేదు. దాని కాడని చెవి వెనక ఎముకకి ఆనించాడు. అమలమ్మ ఉలిక్కిపడి "మోగుతోందండీ" అంది.

డాక్టరుకి కావలసింది అదే. ఆపరేషను చేస్తే వినికిడి వస్తుందన్నాడు. మద్రాసు నుంచి సర్జనుగారు రెండు నెలలకోసారి వస్తారు, ఈసారి నవంబరు 23 మంగళవారం, మంచం రాసిపెడతాను, భర్త వచ్చి సంతకం చేయాలి అన్నాడు.

శౌరయ్య పనికి సెలవు పెట్టి మరీ వచ్చాడు. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు.

"శబ్దం తగిలితే ఈ పొర అదురుతుంది. దాని వెనక మూడు చిన్న ఎముకలు. ఆఖరిది బియ్యపు గింజలో సగం ఉంటుంది. అది లోపలి నీళ్ళని కదిలిస్తే నరానికి కబురు అందుతుంది. మీ ఆవిడకి ఆ ఆఖరి ఎముక చుట్టూ వేరే ఎముక పెరిగి బిగుసుకుపోయింది. నరం బాగానే ఉంది. ఇది కాన్పు కాన్పుకీ ముదరొచ్చు. మూడో కాన్పు రాకముందే చేయించడం మంచిది."

"మరి మిల్లులో బాగా వినపడుద్దండీ దీనికి."

డాక్టరు మొహం వెలిగింది. "అదేనయ్యా ఈ జబ్బు గుర్తు! గోలలో మనందరం గొంతు పెంచి మాట్లాడతాం. ఆ గోల ఆవిడకి తక్కువగా చేరుతుంది, మన కేక అందుతుంది. తన గొంతు ఎముకలోంచి తనకి గట్టిగా వినపడుతుంది కాబట్టి మెల్లగా మాట్లాడుతుంది. నాటకం ఆడాలంటే ఇంత సరిగ్గా ఆడటం ఎవరివల్లా కాదు."

శౌరయ్య చేతులు కట్టుకుని విన్నాడు. ఇంట్లో అడిగి చెబుతానండీ అన్నాడు. బస్సులో, తోడొచ్చిన సుబ్బరత్నంతో, "గోలలో వినపడటం చెవుడంట. మెల్లగా మాట్లాడటం చెవుడంట. మనం మరీ అంత ఎర్రోళ్ళలా కనపడుతున్నామా?" అన్నాడు.

ఇంట్లో అడిగాడు. "చెవిలో కత్తి పెట్టించుకునేదాకా వచ్చిందా దీని నాటకం!" అంది తల్లి. "నువ్వే ఒకసారి మిల్లుకెళ్ళి చూడరా."

సోమవారం వెళ్ళాడు. హల్లరు ఆడుతోంది. అమలమ్మ వెనక పది అడుగుల దూరంలో నిలబడి, మిల్లులో ఎవరైనా అరిచినట్టే గొంతు చించుకుని అరిచాడు.

"అమలా! చంటోడు కాలవలో పడ్డాడే!"

చేట ఎగిరి అవతల పడింది. అమలమ్మ గేటుదాకా పరిగెత్తింది. అక్కడ శౌరయ్య నవ్వు వినపడి ఆగింది. ఆ నవ్వూ పెద్దదే, స్పష్టంగా వినపడింది.

"చూశారుగా? చూశారుగా మీరంతా?" అని అతను అందరి మొహాలూ చూశాడు.

సుబ్బరత్నం చెరుగుడు ఆపి లేచింది. "నీ నోట్లో మన్ను పడ! కన్నబిడ్డ మీద అట్టాంటి అబద్ధమా?"

"అబద్ధం నాదా, దీనిదా?"

జక్కయ్యకి నవ్వు ఆగలేదు. ఏదో మాట అనబోయి, మిల్లు యజమాని వస్తున్నాడని పనిలో పడ్డాడు.

అమలమ్మ భర్త దగ్గరికొచ్చింది. "ఇక్కడ అరిచావు కాబట్టి వినపడింది. ఇంట్లో నువ్వట్టా అరవవుగా" అంది, తనకు సరిపోయేంత గొంతుతో.

హల్లరు మోతలో శౌరయ్యకి ఒక్క ముక్క కూడా వినపడలేదు. "ఏంటి?" అని కూడా అడగలేదు. సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ శనివారం గుళ్ళో ఆవిడ ఎప్పట్లా జపమాల మొత్తం చెప్పలేదు. జాలీ దగ్గర మోకరించి లేచి తిన్నగా ఇంటికొచ్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

నవంబరు 23న పదింటిదాకా చూసి డాక్టరు అమలమ్మ పేరు కొట్టేశాడు. ఆ మంచం కైకలూరు నుంచి వచ్చిన చేపలమ్మే అంకాలమ్మకు ఇచ్చారు. సర్జను మళ్ళీ వచ్చేది జనవరి 18న. డిసెంబరు ఆఖర్లో సుబ్బరత్నం పోరు పడలేక శౌరయ్య సరేనన్నాడు, సంతకానిదేముంది, పెడతాలే అని. పద్దెనిమిదో తేదీన కాగితం మీద పెట్టాడు కూడా.

సర్జను పరీక్ష చేసి కాగితం వెనక్కిచ్చేశాడు. కాన్పయ్యాక చూద్దామన్నాడు. అమలమ్మకు అప్పుడు రెండో నెల.