తొక్కగానే పలకాలి

హోసూరు, సూళగిరి మధ్య హైవే పక్కన ఉన్న ఒక ఫ్యాక్టరీలో నాది ఇంజిన్లను పరీక్షించే పని. కొత్త ఇంజిన్‌ను ఒక గదిలో ఇనుప దిమ్మ మీద బిగించి, కారు లేకుండానే దానితో ఘాట్ ఎక్కిస్తాం, హైవే మీద పరుగెత్తిస్తాం. మందపాటి గాజుకు ఇవతల కూర్చుని అది ఎంత వేడెక్కుతోందో, ఎక్కడ ఆయాసపడుతోందో చూస్తుంటాను. ఇన్నేళ్లుగా ఆ పని చేస్తున్నదాన్ని, గొప్ప ఇంజిన్ అంటే ఏమిటో ఒక్క మనిషికి అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఆ మనిషి రోజూ నా ఎదురుగానే కూర్చుని అన్నం తింటాడు.

అతనిది గుంటూరు వైపు. డిజైన్ విభాగంలో చేరిన కొత్తలో, క్యాంటీన్‌లో తెలుగు వినబడగానే పళ్లెం పట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చాడు. మొదటి రోజు మా యాసకు నవ్వాడు. మర్నాడు ఇంజిన్ల మాట వచ్చింది. ఆ తర్వాత మేం ఇంకో సంగతి మాట్లాడుకున్నది తక్కువ.

అతని వాదం సూటిగా ఉండేది. వేగం కోసం తయారుచేసిన ఇంజిన్ గొప్పదో కాదో కొలత చెప్పాలి. ఎంత చిన్న ఇంజిన్ ఎంత పెద్ద శక్తి ఇస్తే అంత గొప్పది. అందుకు టర్బో కావాలి. బయటికి పోయే పొగతోనే ఒక చిన్న చక్రాన్ని తిప్పి, దాని ఊపుతో లోపలికి గాలి కుక్కడమన్న మాట.

"పారేసే పొగతో పని చేయించుకుంటున్నామండీ. ఇంతకన్నా తెలివైన పని ఇంకేముంది?" అనేవాడు.

నాకు టర్బో మీద పగేమీ లేదు. పొద్దున లేస్తే వాటితోనే నా పని. అయినా నా మనసులో గొప్ప ఇంజిన్ వేరే.

"తొక్కగానే పలకాలప్పా," అనేదాన్ని. "నీది తొక్కినాక కాసేపు ఆలోచన చేసి పలుకుతుంది. అడిగినప్పుడు ఇయ్యకుండా, మనం మరిచిపోయినాక ఒకేసారి కుమ్మరిస్తే ఏం చేసుకునేది?"

"ఆ కాసేపు ఎంతండీ? రెప్పపాటు."

"మలుపులో రెప్పపాటంటే తక్కువనా?"

"అదంతా సరే మేడం, మీ హోసూరు ఎత్తు మీద గాలే పలచన. టర్బో లేని ఇంజిన్‌కి ఇక్కడ నిండు ఊపిరి అందదు. ముందు దానికి చెప్పండి సమాధానం."

అది నిజం. నిజం కాబట్టే ఇంకా మండేది. నేను 'పలకడం' అన్నప్పుడల్లా అతను తడి వేలితో బల్ల మీద ఇంజిన్ శక్తి పెరిగే గీత ఒకటి గీసి, "ఇందులో ఎక్కడుందో చూపించండి, ఒప్పుకుంటాను," అనేవాడు. నేను చూపించలేను. అన్నం చల్లారిపోయేది. పక్కనున్నవాళ్లు లేచిపోయేవాళ్లు.

చివరికి ఒక ఆదివారం, బండ్లే తేలుస్తాయి అనుకున్నాం. అతని దగ్గర చిన్న టర్బో కారుంది. నా దగ్గరున్నది పాతది. టర్బో లేదు, కానీ దాని ఇంజిన్ ఎంత తిప్పితే అంత హుషారుగా తిరుగుతుంది. రాయకోట దగ్గర మా ఇంటి షెడ్డులో నేనూ మా అన్నా దాన్ని విప్పి మళ్లీ కట్టినాం. అన్న టమాటా పండిస్తాడు. నట్లూ బోల్టులూ అంటే ఇష్టమే కానీ వాదాలంటే పడదు. తీర్పు చెప్పడానికి రమ్మంటే తలగోక్కున్నాడు.

"మధ్యాన్నానికి త్రీ ఫేజ్ కరెంటు వస్తుంది పాపా. తోటకు మోటరు ఎయ్యల్ల. ఆలోగా ముగిస్తే వస్తాను."

దేన్కనికోట దాటి అంచెట్టికి పోయే దారి అడవిలోంచి మలుపులు తిరుగుతూ కిందికి దిగుతుంది. దిగేటప్పుడు ఏ ఇంజిన్ గొప్పదనమూ తెలియదు, బ్రేకుల గొప్పదనమే. అంచెట్టిలో టీ తాగి, బండ్లు మళ్లించి, ఎక్కడం మొదలుపెట్టాం. ముందు నేను, పక్కన అన్న, వెనక అతను.

రెండో మలుపులోనే మా ముందు బస్సు. ఆ దారిలో బస్సులే తక్కువ. ఉన్న ఆ ఒక్కటీ నా ముందే ఉండాలా? నా బండికి సత్తువంతా ఇంజిన్ జోరుగా తిరిగినప్పుడే ఉంటుంది. నెమ్మదిగా నడిపితే ఎద్దులా మొండికేస్తుంది. బస్సు పొగ మింగుతూ, రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య కొట్టుకుంటూ పైకి పాకుతున్నాను. దారి కాస్త వెడల్పైన చోట బస్సు డ్రైవరు చెయ్యి ఊపాడు. నేను గేరు మార్చేలోపు గుంటూరాయన గేరైనా మార్చకుండా నన్నూ బస్సునూ దాటి, మలుపు తిరిగి మాయమయ్యాడు.

అన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. "పోయినాడు!" అన్నాడు.

"బస్సు లేకుంటే తెలిసుండేది," అన్నాను.

"బస్సులు లేని రోడ్డు యాడుందో ఆడికే పోదాం పదమ్మా."

పైన రోడ్డు పక్కన అతను చేతులు కట్టుకుని మా కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ నిలబడటం చూస్తే ఒళ్లు మండింది. ఇది లెక్కలోకి రాదని గొడవపడ్డాను. అయితే బండ్లు మార్చుకుని ఇంకోసారి ఎక్కుదామన్నాడు. అన్న గడియారం చూసుకుని, రోడ్డు పక్కనే రాయి మీద కూర్చున్నాడు.

మేమిద్దరం మళ్లీ అంచెట్టికి దిగి బండ్లు మళ్లించాం. ఈసారి దారి ఖాళీగా ఉంది. అతని బండిలో ముందు నేను బయల్దేరాను. నిజం చెప్పాలంటే ఆ బండి నన్ను ఆశ్చర్యపరచింది. మలుపు బయటికి వచ్చేటప్పుడు ఆ రెప్పపాటు ఉన్నమాట నిజమే. కానీ అది గడవగానే ఎవరో పెద్ద అరచెయ్యి పెట్టి వెనక నుంచి నెట్టినట్టు ఎంత హాయిగా ఎక్కిందో! గేరు కోసం వెతుక్కోనక్కర లేదు. ఇంజిన్ గొంతు కూడా పెంచలేదు.

నేను పైకి చేరి కిటికీ దించేసరికి కింద లోయలో నా బండి వినబడింది. అతను దాన్ని చివరిదాకా తిప్పుతున్నాడు. ప్రతి మలుపు తర్వాతా అది కింది స్వరంలో మొదలై, అంతకంతకూ పదునెక్కి, గేరు పడగానే తెగి, మళ్లీ అందుకుంటోంది. నేను నడిపేటప్పుడు ఎప్పుడూ బయటి నుంచి వినలేదు దాన్ని. అన్న కూడా రాయి మీద నుంచి లేచి నిలబడ్డాడు.

అతను దిగాడు. ముఖం ఎర్రబడి ఉంది. పెదాల మీద దాచుకుందామన్నా దాగని నవ్వు. ఇక తేలిపోయిందనుకుని నేనే ముందు మాట్లాడాను.

"నీ బండి బాగుందప్పా. తక్కువ చేసి మాట్లాడినాను ఇన్నాళ్లూ. ఎక్కేటప్పుడు ఆ లాగుడు నిజంగా బాగుంది."

"చూశారా! ఒప్పుకున్నారు!" అని చప్పట్లు కొట్టాడు.

"మరి నాది?"

"సౌండ్ బాగుందండీ."

"సౌండేనా?"

"వేడి కాస్త ఎక్కువైంది. చూసుకోండి."

ఆ ముఖం నేను చూశాను. అన్న చూశాడు. ఆ మనిషి మాత్రం ఒప్పుకున్నట్టు ఒక్క మాట ఇవ్వలేదు. ఇంటికి పోయే దారి పొడుగునా నేను స్టీరింగ్‌తో మాట్లాడుతూనే ఉన్నాను. అన్న కరెంటు వేళ మించిపోయిందని దిగులు పడుతూ ఊఁ కొట్టాడు.

సోమవారం క్యాంటీన్‌లో అడుగుపెట్టేసరికి మాట నాకన్నా ముందే వచ్చి కూర్చుంది. మేడం టర్బోకు ఓటేశారట అని అందరూ పలకరించడమే. నేను చెప్పిన మంచిమాట గెలుపు జెండా అయిపోయింది. ఆ కోపంలో అతన్ని నేరుగా పరీక్ష గదికి పిలిచాను. ఆ రోజు దిమ్మ మీద టర్బో లేని ఇంజిన్ ఒకటి ఉంది. పరీక్షలో భాగంగా దాన్ని కింది నుంచి చివరిదాకా తిప్పాలి.

"ఈ చెవి మూతలు పెట్టుకో. ఇప్పుడు సుమ్మనే, ఏం మాట్లాడకుండా విను," అన్నాను.

నేను మీటను కొంచెం తాకగానే ఇంజిన్ వేగం కొంచెం పెరిగింది. వదలగానే దిగింది. చెయ్యికీ దానికీ మధ్య ఎవరూ లేనట్టు. తర్వాత చివరిదాకా తీసుకుపోయాను. గాజు సన్నగా వణికింది. అతను కదలకుండా చూశాడు. ఆపేశాక చెవి మూతలు తీసి బల్ల మీద పెట్టాడు. ఇప్పుడైనా అంటాడనుకున్నాను.

"బాగుందండీ, నిజంగానే," అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "కానీ మేడం, తొక్కగానే పలకాలంటారు కదా. ఆ లెక్కన అన్నిటికన్నా గొప్పది కరెంటు మోటారే. తొక్కిన క్షణానికే మొత్తం ఇచ్చేస్తుంది. పక్క షెడ్డులో వాటి తయారీకేగా కొత్త లైను వేస్తున్నారు."

ఇన్నాళ్లూ నేను పట్టుకుని వేలాడిన ఒక్క మాటనూ నా చేతిలోంచి లాక్కుని ఇంకొకళ్లకు ఇచ్చేశాడు. తప్పు కూడా కాదది. నాకు మోటార్లంటే కోపం లేదు, వాటి కోసం ఒళ్లు పులకరించదు, అంతే. ఎందుకని అడిగితే ఏం చెప్పను?

రెండు మూడు రోజులు దాన్నే నమిలాను. పలకడం ఒక్కటే కాదనిపించింది. మొత్తం ఒకేసారి ఇచ్చేయకూడదు. పైకి పోయేకొద్దీ ఇంకా ఉందని ఆశ పెట్టాలి, ఆ చివరిదాకా నన్ను రమ్మని పిలవాలి. ఇంటికి పోతుంటే ఈ మాట తోచి, బండి పక్కకు ఆపి మరీ అతనికి ఫోన్ చేసి చెప్పాను.

"అది ఇంజిన్ గొప్పదనం కాదండీ," అన్నాడు తాపీగా. "మీ ఇష్టం."

ఫోన్ పెట్టేశాను.

మర్నాడు క్యాంటీన్‌లో కావాలనే ఇంకో బల్ల దగ్గర కూర్చున్నాను. అతను నా వైపు చూసి, కొత్తగా వచ్చిన ట్రైనీల మధ్య కూర్చున్నాడు. కాసేపటికి ఎవరో అడిగినట్టున్నారు, గొంతు పెంచి చెబుతున్నాడు. "టర్బో లేని ఇంజిన్‌లో ఉన్న గొప్పదనం ఏంటంటే..." అని మొదలుపెట్టాడు. నేను చెవులు రిక్కించాను. చెబుతున్నది నా వాదమే! కానీ అంతా తప్పుగా చెబుతున్నాడు. గొప్పదనమంతా శబ్దంలోనే ఉందట. మేడం అంటుంటారట.

రెండు ముద్దలు తిన్నాను. పళ్లెం పట్టుకుని లేచి వాళ్ల బల్ల దగ్గరికి పోయాను.

"నేను అట్ల చెప్పలేదప్పా," అన్నాను. "జరుగు."